మొలతాడు బిగుతైతే మొదలుపెట్టాల్సిన పనులు: ఓరుగల్లు మగవాళ్లకు సమగ్ర మార్గదర్శి

పోయిన దసరాకు కొత్త మొలతాడు కట్టుకుంటూ పాతదాన్ని పక్కన పెట్టి చూస్తే నాలుగు వేళ్ల తేడా ఉంది. ప్యాంటు సైజు 34 నుంచి 38కి పోయినప్పుడు కంపెనీవాళ్లు కొలతలు మార్చారనుకున్నాను, బెల్టుకు ఇంకో చిల్లు పొడిపించినప్పుడు తోలు ముడుచుకుందనుకున్నాను, మొలతాడు దగ్గరికి వచ్చేసరికి చెప్పుకోవడానికి ఏ సాకూ మిగల్లేదు. నాకు 46 ఏళ్లు, ఇల్లు వడ్డేపల్లి వైపు, ఆఫీసు సుబేదారిలో, పొద్దంతా కుర్చీలోనే. అప్పటినుంచి నేను చేసినవి, చేయబోయి బోల్తా పడ్డవి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, భూమిని కాపాడదామని నేను ఏదీ మొదలుపెట్టలేదు. షుగర్ భయం, పెట్రోల్ ఖర్చు, అంతే. చేస్తూ పోతుంటే మాత్రం ఒకటి తెలిసొచ్చింది: మన చెరువుకు, మన గాలికి చేటు చేసే అలవాట్లే చాలావరకు నా నడుముకూ చేటు చేస్తున్నాయి. సందు చివరి దుకాణానికి కూడా బండి, కవర్లో కట్టించుకున్న చాయ్, రాత్రి పదింటికి దావత్, తలుపులు బిగించుకున్న ఏసీ గది. ఒకదాన్ని సరిచేస్తే రెండోదాని పని కూడా సగం అయిపోతోంది.

1. ముందు కొలుచుకోండి

ఒక దారం తీసుకోండి. తల నుంచి పాదం దాకా మీ ఎత్తుకు సరిపడా కత్తిరించి, సగానికి మడవండి. ఆ మడిచిన దారాన్ని బొడ్డు మీదుగా నడుము చుట్టూ తిప్పండి, ఊపిరి మామూలుగా వదిలేసి, పొట్ట లోపలికి లాక్కోకుండా. రెండు కొసలు కలవలేదంటే పొట్ట ఎక్కువైనట్టే. టేపు ఉంటే ఇంకో లెక్క: మన దేశపు మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు, అంటే సుమారు 35న్నర అంగుళాలు. ప్యాంటు సైజును నమ్మొద్దు, మనందరం ప్యాంటు పొట్ట కిందికి దించి కడతాం.

తర్వాత బీపీ, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల షుగర్ లెక్క చెప్పే రక్తపరీక్ష). బీపీ చూపించుకునే ముందు అరగంట చాయ్, సిగరెట్ మానేసి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, మెట్లెక్కి వచ్చి వెంటనే చెయ్యి చాపితే లెక్క తప్పొస్తుంది. దవాఖానలో 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రెండు మూడుసార్లు వస్తే అది బీపీయే. పరగడుపు షుగర్ 126 గానీ, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే షుగర్ వ్యాధి, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే గడప దగ్గర నిలబడ్డట్టు. నాది 6.1 వచ్చింది. 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, బస్తీ దవాఖానలో బీపీ, షుగర్ ఊరికే చూస్తారు. నేను ఆ సంగతి తెలియక ఒక ప్రైవేటు ల్యాబుకు పోతే ఒంటి మొత్తానికి ప్యాకేజీ అని డెబ్బై పరీక్షలు అంటగట్టారు, అందులో నాకు పనికొచ్చినవి నాలుగు.

ఇంకొకటుంది, మనం సోపతిగాళ్లకు కూడా చెప్పుకోనిది. పడక దగ్గర అంగస్తంభన సరిగ్గా లేకపోవడం. దాన్ని సిగ్గుతో దాచిపెట్టి బస్టాండు గోడల మీద కనిపించే నంబర్లకు ఫోన్ చేసేవాళ్లు ఎంతమందో. అక్కడి రక్తనాళాలు గుండె నాళాలకన్నా సన్నవి, అందుకే నాళాలు పూడటం మొదలైతే చాలామందిలో ముందు అక్కడే తెలుస్తుంది, గుండె సంగతి కొన్నేళ్ల తర్వాత బయటపడుతుంది. కాబట్టి ఇలాంటిది నెలల తరబడి ఉంటే గోడ మీది నంబరును వదిలేసి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి.

2. బండి దిగండి

మా ఇంటి నుంచి ఆఫీసుకు మూడు కిలోమీటర్ల పైచిలుకు. బండి మీద పది నిమిషాలు, సిగ్నల్ దగ్గర ఆగితే పన్నెండు. సైకిల్ మీద పద్దెనిమిది. ఈ ఆరు నిమిషాల కోసం నేను పదిహేనేళ్లు బండి తోలాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం ఉండాలంటుంది, పోను రాను కలిపితే రోజుకు 36 నిమిషాలు, ఐదు రోజులకు 180. జిమ్ముకు విడిగా టైమ్ తీయాల్సిన పని లేకుండానే లెక్క దాటిపోయింది.

కొత్త సైకిల్ కొనకండి, కనీసం మొదట్లో. అటక మీదో, ఊర్లో బావమరిది ఇంట్లోనో ఒక పాత సైకిల్ ఉండే ఉంటుంది. దాన్ని సైకిల్ షాపులో ఇచ్చి ఓవరాయిలింగ్ చేయించండి, రెండు ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, గొలుసుకు నూనె, సరిపోతుంది. నేను చేసిన తప్పేంటంటే సీటు ఎత్తు చూసుకోలేదు. మొదటి వారంలోనే మోకాళ్లు పట్టేశాయి, ఇక ఇది మన వల్ల కాదని మూలకు పెట్టేశాను, పది రోజుల తర్వాత ఆ షాపు మేస్త్రీయే నన్ను ఎక్కించి చూసి నవ్వాడు. సీటు మీద కూర్చుని, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టండి, కాలు నిటారుగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అంతకన్నా సీటు కిందికుంటే మోకాళ్లకు దెబ్బ, పైకుంటే నడుముకు.

మగవాళ్లకు సీటు గురించి ఇంకో జాగ్రత్త. ముక్కు పైకి లేచిన సన్నటి సీటు మీద ఎక్కువసేపు కూర్చుంటే తొడల మధ్య నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోయి తిమ్మిరొస్తుంది. తిమ్మిరి వచ్చిందంటే సీటు మార్చాలని అర్థం. వెనక భాగం వెడల్పుగా ఉన్న సీటు పెట్టించండి, ముక్కు సమంగా ఉంచండి, గుంతలొచ్చినప్పుడు పెడళ్ల మీద లేచి నిలబడండి.

కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా రోజూ తిరిగేవాళ్లను సైకిల్ తొక్కమని నేను చెప్పను, అది దూరం, పైగా ట్రాఫిక్. వాళ్లు బస్సెక్కి రెండు స్టాపుల ముందు దిగి నడవొచ్చు. పొద్దున నడిచేవాళ్లకు వడ్డేపల్లి చెరువు కట్ట, భద్రకాళి బండ్ ఉండనే ఉన్నాయి. ఒక్కటే విన్నపం, బండ్ మీద నడవడానికి బండేసుకుని పోకండి, మా గల్లీలో ముగ్గురు అదే చేస్తారు.

లెక్క కూడా చెప్తా. లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నా బండి నెలకు ఆరేడు లీటర్లు తాగేది, ఇప్పుడు రెండు మూడు లీటర్లతో సరిపెట్టుకుంటోంది. నెలకు పది కిలోల దాకా తగ్గినట్టు. ఇదేం పెద్ద లెక్క కాదు, ఒప్పుకుంటా. మోకాలు లెక్క, నిద్ర లెక్క మాత్రం పెద్దవి.

3. పళ్లెం మార్చండి

జొన్నరొట్టె తింటే షుగర్ పోతుందని వాట్సాప్‌లో చదివి రాత్రికి నాలుగేసి రొట్టెలు తినేవాళ్లను చూశాను. జొన్నలోనూ పిండిపదార్థమే ఉంది బాబూ. దాంట్లో పీచు ఉంటుంది, మెల్లగా అరుగుతుంది, కడుపు నిండినట్టు త్వరగా తెలుస్తుంది, అదీ లాభం. రెండు రొట్టెలు చాలు, పక్కన పప్పు, ఆకుకూర ఉండాలి. మన తాతలు తిన్న మక్క గట్క, జొన్న గట్క, తైద అంబలి అన్నీ ఇలాంటివే, కాకపోతే వాళ్లు తిన్నాక పొద్దంతా నాగలి పట్టారు, మనం తిన్నాక రిమోట్ పడుతున్నాం. పర్యావరణం వైపు నుంచి చూస్తే కిలో బియ్యం వెనక వేల లీటర్ల నీళ్లుంటాయి, జొన్న, కొర్ర చాలావరకు వానల మీదే పండుతాయి. మిల్లెట్ బిస్కెట్లు మాత్రం కొనకండి, ప్యాకెట్ వెనక చదివితే మైదా, చక్కెర, పామాయిలే ముందుంటాయి.

నేను చేసిన మార్పు ఇంత: రాత్రి అన్నం మానేసి రెండు రొట్టెలు, మధ్యాహ్నం అన్నం ఉంటుంది కానీ పళ్లెంలో సగం కూరలకే. పుంటికూర, గంగవాయిలి కూర, తోటకూర, చింతచిగురు, ఏ కాలంలో ఏది చౌకగా దొరికితే అది. చౌకగా దొరికిందంటే దగ్గర్లోనే, దాని కాలంలోనే పండిందని అర్థం, రైతుబజారుకు పొద్దున్నే పోతే తెలుస్తుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పాలకూర తగ్గించండి, మిగతావాటి సంగతి డాక్టర్ని అడగండి.

మాంసం దగ్గరికొస్తే గొడవ మొదలవుతుంది, తెలుసు. ఆదివారం మటన్ లేకుండా మనకు తెల్లారదు. పూర్తిగా మానమని ఎవరన్నా చెప్పినా వినేవాణ్ని కాను నేను. నెలకు నాలుగు ఆదివారాల్లో రెండు చేపలకు మార్చాను. మేకలు, గొర్రెలు నెమరేస్తూ మీథేన్ వదులుతాయి, వాటి మాంసంలో గుండెకు పడని కొవ్వు ఎక్కువ. చేపకు ఆ రెండు బాధలూ తక్కువ. మనకు కాకతీయులు కట్టిన గొలుసుకట్టు చెరువులున్నాయి, పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్దవే కాక ఊరూరా చిన్నవి కూడా, 2015 నుంచి మిషన్ కాకతీయలో చాలావాటికి పూడిక తీశారు. ఆ చెరువుల్లోని రవ్వ, బొచ్చె, కొర్రమట్ట మన మార్కెట్లోకే వస్తాయి. మృగశిర కార్తె రోజు ఒక్కనాడు లైన్లో నిలబడి కొనేవాళ్లం, నెలకు రెండుసార్లు కొంటే సరి. వేపుడు మానేసి పులుసు పెట్టించండి, ఇంకా మంచిది మీరే పెట్టండి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, దాటొద్దంటారు. తొక్కులు, అప్పడాలు కలిపితే మనది రెట్టింపవుతుంది, బీపీ ఉన్నవాళ్లు ముందు పట్టుకోవాల్సింది ఇక్కడే. మిర్చి బండి దగ్గర నల్లబడ్డ నూనె గురించి మీకు నేను చెప్పేదేముంది.

4. చాయ్, నీళ్లు, ప్లాస్టిక్

మా ఆఫీసులో పదకొండింటికి చాయ్ ఎలా వస్తుందో చెప్తాను. పిల్లాడు పల్చటి పాలిథిన్ కవర్లో పొగలు కక్కే చాయ్ పోయించుకుని, రబ్బరు బ్యాండు వేసి, ఊపుకుంటూ తెస్తాడు. దాన్ని కాగితం కప్పుల్లో పోస్తారు. కాగితం కప్పు లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే చాయ్ కారిపోతుంది. 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు పరీక్షించి చూస్తే, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవంలోకి 15 నిమిషాల్లో సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగాయి. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు లాంటి రసాయనాలు మన హార్మోన్ల పనిలో వేలు పెడతాయి, మగవాళ్ల హార్మోన్ల మీదా వాటి ప్రభావం ఉంటుందని పరిశోధకులు ఆందోళన పడుతున్నారు.

పని సులువు. ఆరు స్టీలు గ్లాసులు, ఒక ఫ్లాస్కు. చందా వేసుకుని కొన్నాం, కడిగే వంతు ఎవరిదన్నదాని మీద రెండు వారాలు గొడవ నడిచింది, చివరికి ఎవరి గ్లాసు వాళ్లు. రోజూ తాగే నాలుగు చాయ్‌లలో రెండింటికి చక్కెర మానేయండి, ఇద్దరికీ మంచిదే, అంటే మీకూ మీ జేబుకూ.

నీళ్లకు స్టీలు సీసా. ఎండకు కారులో మరిగిన ప్లాస్టిక్ సీసా నీళ్లు తాగొద్దు. ఇంట్లో రంజన్ (నీళ్ల మట్టికుండ) పెట్టండి. శుద్ధి చేసిన కుళాయి నీళ్లు వచ్చే ఇంటికి ఆర్వో చాలాసార్లు అక్కర్లేదు, అది గ్లాసు నీళ్లిచ్చి రెండు మూడు గ్లాసులు మోరీలోకి వదులుతుంది. ఉప్పు బోరు నీళ్లో, ఫ్లోరైడ్ ఉన్న నీళ్లో అయితే వేరే సంగతి, అప్పుడు ఆ వృథా నీళ్లను బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడండి. తాగింది సరిపోయిందా అన్నది మూత్రం రంగే చెప్తుంది, లేత పసుపు ఉంటే సరి, ముదురు పసుపు ఉంటే తాగాలి.

5. ఎండాకాలం, గది, లుంగీ

మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలు. పై అంతస్తులో ఉండేవాళ్లకు స్లాబు రాత్రంతా వేడి కక్కుతుంది, నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మర్నాడు ఆకలీ కోపమూ రెండూ పెరుగుతాయి. ఏసీ పెట్టకముందు స్లాబుకు సున్నం వేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొట్టేస్తుందన్నదే దాంట్లోని కిటుకు. మార్చి దాటకముందే స్లాబు ఊడ్చి కడిగి ఆరబెట్టండి. పొడి సున్నం రాత్రంతా నానబెట్టి, అంటుకుని ఉండటానికి కాస్త ఫెవికాల్ కలిపి, కొబ్బరి పీచు కుంచెతో రెండు పూతలు, మొదటిది ఆరాకే రెండోది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా దిగకండి, సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. మా గదిలో తేడా చెయ్యి పైకెత్తి కప్పు తాకితేనే తెలిసింది. ఆ తర్వాత కూడా ఏసీ కావాలంటే 26 దగ్గర పెట్టి ఫ్యాను వేయండి, ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం మిగులుతుందని కేంద్ర విద్యుత్ పొదుపు సంస్థ బీఈఈ చెప్తుంది.

పిల్లల కోసం చూస్తున్న కుర్రాళ్లకు ఒక మాట. వృషణాలు ఒంటికన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగ్గా తయారవుతాయి, అందుకే అవి ఒంటి బయట ఉన్నాయి. బిగుతు జీన్సు, ఒళ్లో ల్యాప్‌టాప్, గంటల తరబడి ఇంజిన్ మీద కూర్చోవడం, బట్టీల ముందు పని, ఇవన్నీ ఆ వేడిని పెంచుతాయి. ఇంటికి రాగానే లుంగీకి మారండి, లుంగీ వెనక ఇంత సైన్సు ఉందని మా నాన్నకు తెలిస్తే ఎంత పొంగిపోయేవాడో.

6. చేను ఉన్నవాళ్లకు: మందు కొట్టే రోజు

ఇది పట్నంలో ఉండేవాళ్లు దాటేయొచ్చు, కానీ మనలో ఎవరికి ఊర్లో చెల్క లేదు? ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి, మిర్చి వెనక మందు డబ్బా మోసే వీపు దాదాపు ఎప్పుడూ మగవాళ్లదే. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఆ విషం ఒంటికెక్కి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు పెరిగింది, మందు నేరుగా మొహం మీద పడింది.

కొట్టక తప్పదనుకుంటే ఇలా. గాలి వీపు వైపు ఉండాలి. పొద్దున గానీ సాయంత్రం గానీ, ఎండలో వద్దు. నిండు చేతుల చొక్కా, తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు, తుండు కట్టుకుంటే సరిపోదు, తడిసిన తుండు మందును ముక్కు దగ్గరే పట్టి ఉంచుతుంది. మందు కర్రతో కలపండి, చేత్తో కాదు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి, మా చిన్నాయన అలాగే ఊది రెండు రోజులు దవాఖానలో ఉన్నాడు. మధ్యలో బీడీ, తంబాకు వద్దు. ఇంటికొచ్చి ముందు సబ్బుతో స్నానం, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. ఖాళీ డబ్బా మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు మందు కొట్టే పంపులోనే పోసి, డబ్బాకు చిల్లు పొడవండి, చెరువు కట్ట మీద పారేయకండి, నీళ్లకో నూనెకో అసలే వాడకండి. తల తిరగడం, వాంతి, నోట్లో చొంగ, కళ్లు మసక వస్తే ఆలస్యం చేయకుండా దవాఖానకు, మందు డబ్బా చీటీ వెంట పట్టుకుని. పారాక్వాట్ అనే గడ్డి మందుకు విరుగుడే లేదు, అది ఇంట్లో పెట్టకండి.

తగ్గించుకోవాలనుకుంటే మొదట లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను లాగి పట్టేవి), పసుపు జిగురు అట్టలు పెట్టండి, పురుగు ఎంతుందో చూసి అప్పుడు నిర్ణయించండి, దుకాణంలో చెప్పాడని కాదు. మన ఉమ్మడి జిల్లాలోనే, ఇప్పుడు జనగామ కిందికి వచ్చే ఎనబావి ఊరు 2000ల మధ్యలోనే రసాయన మందులు వదిలేసింది. ఒకసారి పోయి రైతులతో మాట్లాడి రండి.

7. కల్లు, సిగరెట్, గుట్కా

చెట్టు కింద తెలిసిన గీత కార్మికుడు దించిన కల్లు వేరు, డిపోల్లో దొరికే కల్లు వేరు. ఆల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు కలిపిన కల్లు మన రాష్ట్రంలో ఎన్నిసార్లు పట్టుబడిందో లెక్కలేదు. అలాంటిదానికి అలవాటు పడ్డవాళ్లు ఒక్కరోజులో మానేస్తే ఫిట్స్ రావొచ్చు, పిచ్చి మాటలు మాట్లాడొచ్చు, ఏళ్లుగా రోజూ ఎక్కువ మందు తాగేవాళ్లకూ అంతే. కాబట్టి పౌరుషానికి పోకుండా డాక్టర్ చేతుల మీదుగా మానండి. సిగరెట్ ఫిల్టర్ దూదిలా కనిపిస్తుంది కానీ అదీ ఒక రకం ప్లాస్టిక్కే, ఏళ్లకొద్దీ కరగదు. గుట్కా సంగతి మోరీల్లో పాకెట్లు చూస్తే తెలుస్తుంది, నోరు మూడు వేళ్లంత తెరుచుకోవడం లేదంటే ఆ రోజే చూపించుకోండి.

8. మనసు

అప్పులు, పిల్లల ఫీజులు, ఆఫీసు టెన్షన్, ఇవన్నీ మగవాడు లోపలే దాచుకోవాలని మనకు ఎవరో చెప్పారు, ఎవరో గుర్తులేదు. నాకు పనికొచ్చింది చెప్తా: డాబా మీద ఎనిమిది బకెట్లలో ఆకుకూరలు, వంటింటి తడి చెత్తతో ఎరువు, పొద్దున ఇరవై నిమిషాలు ఫోన్ లేకుండా. ఇంకోటి, వారానికోసారి చెరువు కట్ట మీద చిన్ననాటి దోస్తుతో నడక. పక్కపక్కన నడుస్తుంటే మొహాలు చూసుకోనక్కర్లేదు, అందుకేనేమో మాట తేలిగ్గా వస్తుంది. నిద్ర పట్టక, బతుకు మీద విసుగు పుట్టి రెండు వారాలు దాటితే 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

అన్నీ ఒకేసారి మొదలుపెడితే పదో రోజుకు అన్నీ ఆగిపోతాయి, నావి ఆగిపోయాయి. మొదటి నెల సైకిల్ మాత్రమే, రెండో నెల పళ్లెం, మూడో నెల మిగతావి. హెచ్‌బీఏ1సీ గత మూడు నెలల లెక్క చెప్తుంది, వీర్యకణాలు తయారవడానికి కూడా రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి మూడు నెలల లోపు మళ్లీ పరీక్షకు డబ్బులు తగలేయకండి. ఆ దారం మాత్రం దాచిపెట్టుకోండి. నాది ఇప్పుడు రెండు కొసలకూ మధ్య ఇంకా రెండు వేళ్ల ఎడం ఉంది, ఉగాదికి మళ్లీ చూస్తా.